కూర్చునే చోటే పని: హైదరాబాద్‌లో బౌద్ధ ధ్యానాన్ని, చెట్టూచెరువుల సేవను కలిపి చేసే పద్ధతి

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు. మా కాలనీ వెనక చెరువు కట్ట మీద, నేను రోజూ కూర్చునే కానుగ చెట్టుకు మాంజా చుట్టుకుని ఉంది. గులాబీ రంగు నైలాన్ దారం, ఎండ పడితే తప్ప కనపడనంత సన్నం. చూడగానే ఒళ్ళు మండింది. పట్టుకుని గుంజాను. చూపుడు వేలు తెగింది, దారం రెమ్మల్లోకి ఇంకా బిగిసింది. అప్పటికి రెండు నెలలుగా అదే చెట్టు కింద శ్వాస గమనిస్తున్న మనిషిని! వేలికి రుమాలు చుట్టుకుని కూలబడ్డాను. కాసేపయ్యాక లేచి, కొస ఎక్కడుందో వెతికి, ఒక్కో మెలిక వెనక్కి తిప్పుతూ విప్పాను. నలభై నిమిషాలు పట్టింది. మనసు పక్కకు పోయిన ప్రతిసారీ దారం వేలికి గుర్తుచేసింది.

అంతకుముందు ధ్యానం వేరు, సేవ వేరు అనుకునేవాణ్ణి. పొద్దున చెట్టు కింద కళ్ళు మూసుకోవడం, ఎప్పుడో ఒక ఆదివారం పదిమందితో చెరువు దగ్గర చెత్త ఏరి ఫొటో దిగడం. ఆ తర్వాత రెండూ ఒకే జాగాకు తెచ్చాను. ఆరేళ్ళుగా చేస్తున్నది, చేసి చెడగొట్టుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ముందు జాగా చూసుకోండి

సతిపట్ఠాన సుత్తంలో (సుత్తం అంటే పాళీలో ఉన్న ఉపదేశం) బుద్ధుడు ధ్యానానికి చెప్పిన చోట్లు మూడు: అడవి, చెట్టు మొదలు, ఖాళీ ఇల్లు. హైదరాబాద్‌లో మొదటిది దూరం, మూడోది దొరకదు. చెట్టు మొదలు మాత్రం ఇంకా మిగిలి ఉంది.

చాలామందికి హుస్సేన్‌సాగర్ బుద్ధుడి దగ్గరే మొదలుపెట్టాలని అనిపిస్తుంది. 58 అడుగుల ఏకశిల విగ్రహం. 1990 మార్చిలో పడవ మీద తీసుకెళ్తుంటే మునిగిపోయింది, పలువురు చనిపోయారు. రెండేళ్ళకు పైగా నీటి అడుగున ఉండి, 1992 డిసెంబర్‌లో నిలబడింది. ఆ కథ తెలుసుకుని ఒకసారి వెళ్ళి చూడండి. రోజూ కూర్చోవడానికి మాత్రం అది జాగా కాదు. పడవల హారన్లు, సెల్ఫీల తోపులాట. కేబీఆర్ పార్కు 1998లో జాతీయ ఉద్యానవనం అయింది. నడకకు, నెమళ్ళ అరుపులు వింటూ కూర్చోవడానికి బాగుంటుంది. అయితే అక్కడి మట్టి మీద మనం చెయ్యి పెట్టకూడదు, పెట్టనివ్వరు కూడా.

నేను చెప్పేది మామూలు జాగా. ఇంటి నుంచి పావుగంటలో నడిచి వెళ్ళగలగాలి. ఒక్క పెద్ద చెట్టయినా ఉండాలి. కొంచెం చెడిపోయి ఉండాలి. ఈ మూడోది ముఖ్యం. అన్నీ బాగున్న చోట మన అవసరం ఉండదు, పూర్తిగా పాడైన చోట మనం నిలబడలేం. కాలనీ కుంట, చెరువు కట్ట, బస్తీ మైదానం మూల, అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ ప్లాటు, ఏదైనా సరే. తెల్లవారుజామున కట్ట మీద ఒంటరిగా కూర్చోవడం ఆడవాళ్ళకు అన్నిచోట్లా కుదరదు. ఇద్దరుగా వెళ్ళండి, లేదా వాకర్లు తిరిగే వేళ చూసుకోండి. అదీ కాకపోతే ఇంటి మేడ, నాలుగు కుండీలతో మొదలుపెట్టినా ఈ పద్ధతిలో ముప్పాతిక భాగం నడుస్తుంది.

జాగా ఒకసారి ఎంచుకున్నాక ఏడాది మార్చొద్దు.

మొదటి నెల: చూడటం తప్ప ఏమీ చేయొద్దు

రోజూ ఇరవై నిమిషాలు చాలు. పాత టవల్ మడిచి పిరుదుల కింద వేసుకోండి. మోకాళ్ళు నేలకు ఆనితే నడుం దానంతటదే నిలబడుతుంది. ఆనకపోతే రాయి మీదో గట్టు మీదో కూర్చోండి, తప్పేం లేదు.

మొదటి పది నిమిషాలు కళ్ళు మూసుకుని ఆనాపానసతి. ముక్కు చివర గాలి తగిలే చోట లోపలికి వచ్చేది, బయటికి పోయేది తెలుసుకోవడం. లెక్క పెట్టొద్దు, శ్వాసను పొడుగు చేయొద్దు. తర్వాత ఐదు నిమిషాలు చెవులు. దగ్గరి చప్పుడు నుంచి దూరపు చప్పుడుకు వెళ్ళండి: చీమ ఎండుటాకు మీద నడిచే సన్నని చిటచిట, గోరువంకల కొట్లాట, పాల ఆటో, ఆపైన రింగు రోడ్డు హోరు. "ఇది మంచి చప్పుడు, అది చెడ్డది" అని మనసు విడగొట్టడం మొదలుపెడుతుంది. దాన్నీ వినండి. చివరి ఐదు నిమిషాలు కళ్ళు తెరిచి, చేతికందే దూరంలో ఉన్న నేలను మాత్రమే చూడాలి. ఇంటికొచ్చాక నోటుబుక్కులో మూడు వాక్యాలు: ఏం చూశారు, ఏం విన్నారు, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది.

శ్వాస కొత్తగా పట్టుకునేవాళ్ళు ఎవరి దగ్గరైనా నేర్చుకుంటే మంచిది. నాగార్జునసాగర్ రోడ్డులో, వనస్థలిపురం దాటాక ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రం ఉంది. విపశ్యన గురువు గోయెంకాజీ సంప్రదాయంలో పదిరోజుల విపశ్యన శిబిరాలు జరుగుతాయి. మౌనం, నాలుగింటికి లేవడం, రోజుకు పదిగంటల దాకా కూర్చోవడం. ఫీజు లేదు, శిబిరం పూర్తయ్యాక తోచింది ఇవ్వొచ్చు. ధమ్మఖేత్త అంటే ధర్మపు పొలం. పేరులోనే సేద్యం ఉంది చూడండి.

నెలంతా చేతులు కట్టుకోమనడానికి కారణం ఉంది. వర్షాకాలంలో భిక్షువులు తిరుగుతూ పచ్చిగడ్డిని, చిన్న ప్రాణులను తొక్కేస్తున్నారని జనం గొణిగితే, ఆ మూడు నెలలూ ఒకేచోట ఉండమని బుద్ధుడు నియమం పెట్టాడు. అదే వర్షావాసం. భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో ఉన్న ముచ్చట ఇది. మంచి పనికి తిరిగే కాళ్ళు కూడా తొక్కుతాయన్నమాట. మా కట్ట మీద నేను మొదట చేద్దామనుకున్న పని, కంకర చెల్లాచెదురుగా ఉన్న ఒక మూలను చదును చేయడం. రెండో వారంలో ఆ కంకరలోంచే ఒక తీతువు పిట్ట లేచి గోల చేసింది. వంగి చూస్తే రాళ్ళ మధ్య, రాళ్ళ రంగులోనే, మచ్చల గుడ్లు నాలుగు. పార తీసుకుని మొదటి రోజే దిగి ఉంటే ఏమయ్యేదో!

ఒక్క వారం: పచ్చి ఆకు తెంపకుండా

ఇది సాధన లాగా కనపడదు, చేసి చూస్తే తెలుస్తుంది. భిక్షువుల నియమాల్లో పచ్చి మొక్కను పాడుచేయడం ఒక దోషం, నేల తవ్వడం మరొకటి, పురుగులున్నాయని తెలిసి ఆ నీళ్ళను గడ్డి మీద పోయడం ఇంకొకటి. వాళ్ళ దగ్గర ఉండే ఎనిమిది వస్తువుల్లో నీళ్ళు వడకట్టుకునే బట్ట కూడా ఉంది. గృహస్థులకు ఈ నియమాలు లేవు. కూర తరుక్కోవాలి, కుండీ తవ్వుకోవాలి, తప్పదు. అందుకే ఒక్క వారం, ఒక్క నియమం: అవసరం లేకుండా ఆకు తెంపకూడదు.

మొదటి రోజే దొరికిపోయాను. ఫోన్లో మాట్లాడుతూ గేటు దగ్గరి గోరింట కంచె పక్కన నిలబడ్డాను. పెట్టేసి చూసుకుంటే అరచేతిలో పది పన్నెండు ఆకుల ముక్కలు, వేళ్ళకు పచ్చటి పసరు. ఎప్పుడు తెంపానో తెలియదు. శ్వాస మీద ఎరుక ఎంత జారిపోతుందో అంతకంటే సూటిగా చెప్పిన గురువు నాకు దొరకలేదు.

నడక, సంచి, కోపం

రెండో నెల నుంచి చెయ్యి కదపొచ్చు. చంక్రమణం అంటే ఒక గీత మీద ముందుకూ వెనక్కూ నడవడం. ముప్పై అడుగుల నిడివి చాలు. మడమ ఆనడం, పాదం పరుచుకోవడం, వేళ్ళు లేవడం, ఇదంతా తెలుస్తూ ఉండాలి. ఆ దారిలో చెత్త కనపడితే ఆగండి. ఒక శ్వాస. వంగండి, తీయండి, సంచిలో వేయండి. నిటారుగా అయ్యాక మరో శ్వాస. మళ్ళీ నడక. ఒక చిన్న సంచి నిండగానే ఆ రోజుకు ఆపేయాలి. రెండో సంచి మొదలుపెట్టిన రోజున ధ్యానం పోయి, లెక్కా, అలుపూ, ఊరివాళ్ళ మీద కసీ మిగులుతాయి. నాకు ఇది గట్టిగా తెలుసు.

కావలసినవి: రబ్బరు గ్లవ్స్, బొగ్గుల పట్టకారు లాంటిది ఒకటి, గోనెసంచి. గాజు ముక్కలు, సూదులు చేత్తో ముట్టొద్దు. నీళ్ళలోకి దిగొద్దు, గుర్రపుడెక్క తీయడం మనుషులూ యంత్రాలూ ఉన్నవాళ్ళ పని. దొరికేవి ఎక్కువగా గుట్కా ప్యాకెట్లు, నీళ్ళ పౌచ్‌లు, బిర్యానీ పార్సిల్ డబ్బాలు. పొడి చెత్త వేరుగా కట్టి పొద్దున వచ్చే స్వచ్ఛ ఆటోకు ఇచ్చేయండి.

ఒక చిక్కు ఉంది. మన ఊళ్ళో రావిచెట్టు కింద పాత దేవుడి పటాలు, పగిలిన విగ్రహాలు, ఎండిన పూలదండలు పెట్టిపోతారు. వాటిని చెత్తలో వేస్తే గొడవ, వదిలేస్తే చెట్టు మొదలంతా గాజుపెంకులు. నేను చేసేది ఇది: పూలు, ఆకులు అక్కడే చెట్టు చుట్టూ మట్టిలో కలిపేస్తాను. ఫ్రేము విప్పి గాజును విడిగా చుడతాను. పటం కాగితాన్ని దగ్గర్లోని గుడి పూజారి గారికి అప్పగిస్తాను, ఆయన చూసుకుంటారు. ఎవరైనా పెడుతూ కనపడితే "అమ్మా, గాజు తీసి పెట్టండి, పిల్లలు ఆడుకుంటరు" అంటాను. వింటారు. ఉపన్యాసం మొదలుపెడితే వినరు.

కోపం వస్తుంది, వచ్చే తీరుతుంది. కొడుకు రాహులుడికి బుద్ధుడు చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది: భూమిలాంటి ధ్యానం చెయ్యి, దాని మీద శుభ్రమైనవీ వేస్తారు, మలమూత్రాలూ వేస్తారు, భూమి అసహ్యించుకోదు. ఆ మాట మనసు గురించి చెప్పింది. దాన్ని పట్టుకుని "భూమి ఏమీ అనదు కదా" అని లారీ మట్టి చెరువులో పోసేవాడిని చూస్తూ కూర్చోమని కాదు. చెరువులో మట్టి నింపుతున్నా, చెట్టు కొట్టేస్తున్నా ఫొటో, తేదీ, చోటు రాసుకుని ఫిర్యాదు చేయండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలి. ఫిర్యాదు రాసే ముందు పది శ్వాసలు కూర్చుంటే అందులో తిట్లు తగ్గి వివరాలు పెరుగుతాయి.

మొక్క నాటడం, దానికంటే కష్టమైన పని

తోటలు నాటినవాళ్ళకు, వంతెనలు కట్టినవాళ్ళకు, చలివేంద్రాలు, బావులు ఏర్పాటు చేసినవాళ్ళకు రాత్రింబగళ్ళు పుణ్యం పెరుగుతుందని బుద్ధుడి ఉపదేశాల సంకలనం సంయుత్త నికాయంలో ఒక చిన్న సుత్తం ఉంది. అశోకుడు తన స్తంభ శాసనంలో దారుల వెంట మర్రిచెట్లు నాటించానని, పశువులకూ మనుషులకూ నీడనివ్వడానికని రాయించుకున్నాడు. అదెలా ఉంటుందో చూడాలంటే చేవెళ్ళ రోడ్డులో వెళ్ళండి. రోడ్డు వెడల్పులో పోకుండా జనం పోరాడిన పాత మర్రులు అవి, వందల సంఖ్యలో ఉన్నాయి. ఒకదాని కింద బండి ఆపి పది నిమిషాలు కూర్చుంటే అశోకుడి వాక్యం ఒంటికి అర్థమవుతుంది.

నా సంగతికొస్తే, మొదటి ఏడాది కాలనీవాళ్ళం కలిసి ఒక్కరోజులో నలభై మొక్కలు నాటాం. మరుసటి వేసవికి మిగిలినవి రెండు. నీళ్ళు ఎవరు పోస్తారో ఎవరూ అడగలేదు, నేను కూడా. అప్పటినుంచి ఏడాదికి మూడే మొక్కలు.

గుంట మృగశిర కార్తెకు ముందే తవ్వి ఎండనివ్వండి, ఒకటిన్నర అడుగు లోతు, అంతే వెడల్పు. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఒక పక్క పోయండి. రెండు మూడు మంచి వానలు పడి నేల లోపలిదాకా తడిశాక, పైమట్టిలో మాగిన ఎరువు కలిపి నాటండి. మన నేల కింద రాయి తగులుతుంది, ఒక్కోసారి అడుగులోపే. గడ్డపార ఖంగుమంటే పక్కకు జరగండి. ఆ రాయి వయసు రెండున్నర వందల కోట్ల ఏళ్ళు, మనకోసం తప్పుకోదు. చుట్టూ పాదు కట్టి ఎండుటాకులు మందంగా పరవాలి. డిసెంబర్ నుంచి వానలదాకా వారానికి రెండుసార్లు, సారికి ఒక బకెట్ నీళ్ళు, కనీసం రెండు వేసవులు. ఈ నీళ్ళ వంతునే సాధనగా పెట్టుకోండి: బకెట్ బరువు, భుజం లాగడం, మట్టి నీళ్ళు తాగే చప్పుడు, వాసన.

ఏం నాటాలి? వేప, కానుగ, నేరేడు, చింత, మోదుగ, జమ్మి. పొదలకైతే తంగేడు, బతుకమ్మ నాటికి పూలు మీకే దొరుకుతాయి. కోనోకార్పస్ వద్దు, ఎంత పచ్చగా కనపడినా ఈ నేలది కాదు. కరెంటు తీగల కింద, గోడల పక్కన రావి, మర్రి పెట్టొద్దు. అన్నట్టు రావి మొక్క కొనక్కర్లేదు. ఏ పాత మేడ పిట్టగోడ చూసినా పగుళ్ళలో మొలిచే ఉంటుంది. వానలో గోడ బాగా నానినప్పుడు వేరు తెగకుండా మెల్లగా లాగి, తడి గుడ్డలో చుట్టి, కుండీలో ఒక ఏడాది పెంచండి. బుద్ధుడు బోధి పొందిన చెట్టు జాతిని గోడ కూల్చే నేరం నుంచి తప్పించి, మైదానంలో నిలబెట్టినట్టు అవుతుంది.

నాటడం కంటే ఉన్నదాన్ని కాపాడటం కష్టం, ఫొటో రాదు కాబట్టి. ఏ చెట్టు నీడన కూర్చున్నావో దాని కొమ్మ విరవొద్దు, అది మిత్రద్రోహం అని పేతవత్థు అనే పాళీ గ్రంథంలో ఒక గాథ ఉంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర నిలబడి ఆ గాథ గుర్తుచేసుకోండి. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు సుమారు నూటయాభై మంది ఆ కొమ్మలు పట్టుకుని బతికారని చెబుతారు. థాయ్‌లాండ్‌లో 1980ల చివర్లో అడవులు నరికేస్తుంటే కొందరు భిక్షువులు చెట్లకు కాషాయం చుట్టి దీక్ష ఇచ్చారు. మనకు రావికి, వేపకు పసుపు దారం కట్టే అలవాటు ముందే ఉంది. మా కాలనీలో పార్కింగ్ కోసం ఒక వేపను తీసేద్దామన్న మాట వచ్చినప్పుడు ఇద్దరు పెద్దమ్మలు పసుపు రాసి, బొట్టు పెట్టి, దారం కట్టారు. నా వినతిపత్రం చేయలేని పని పది నిమిషాల్లో అయిపోయింది.

మైత్రి, దోమ, పాము

కూర్చున్నది చివరకు వచ్చేటప్పుడు మైత్రి భావన: కదిలే ప్రాణులు, కదలనివి, కనపడేవి, కనపడనివి, పుట్టినవి, పుట్టబోయేవి, అన్నీ సుఖంగా ఉండాలి. మెత్త సుత్తంలోని వరుస ఇది. కట్ట మీద చదువుతుంటే "కనపడనివి" అన్నచోట దోమ కుడుతుంది.

చంపొచ్చా అని అందరూ అడుగుతారు. ప్రాణం తీయనన్నది బౌద్ధుల ఐదు శీలాల్లో మొదటిదే. డెంగీ కూడా నిజమే. నా దారి ఏమిటంటే దోమ పుట్టకముందే పని చేయడం. కొబ్బరి చిప్పలు, టైర్లు, కుండీల కింది పళ్ళేలు బోర్లించాలి, డ్రమ్ముకు మూత, వారానికొకసారి కూలర్ తొట్టి ఎండగట్టడం. గుడ్డు నుంచి దోమ కావడానికి ఇంచుమించు వారం పది రోజులు పడుతుంది, ఆ లోపు నీళ్ళే నిలవకపోతే పేచీ లేదు. కూర్చునేటప్పుడు నిండు చేతుల చొక్కా, కాళ్ళకు వేపనూనె. అయినా కుడితే దురదను పుట్టేదాకా, పెరిగేదాకా, పోయేదాకా ఒక్కసారైనా చూడండి. పోతుంది. రెండోసారి గోక్కోండి, పరవాలేదు.

పాములకు మైత్రి చెప్పే పరిత్తం (రక్షణ కోసం చదివే పాఠం) కూడా పాళీలో ఉంది. అది చదువుకున్నా సరే, గడ్డిలో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి. పాము ఇంట్లోకి వస్తే కొట్టొద్దు, నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు.

దయ పేరుతో చేసే మూడు పనులు మానేయండి. పంజరం పిట్టల్ని కొని వదలడం: మీరు కొన్నందుకే రేపు ఇంకో వల వేస్తారు, పైగా మన అడవి పిట్టల అమ్మకం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దసరాకు పంజరంలో పాలపిట్టను చూపించేవాడికి డబ్బులివ్వడం. చేపలకు, బాతులకు చెరువులో బ్రెడ్ విసరడం.

ఏడాది వరుస

జనవరిలో మాంజా. నైలాన్ మాంజాను 2017లోనే ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) నిషేధించినా చెట్లకు వేలాడుతూనే ఉంటుంది. చిన్న కత్తెర జేబులో ఉంచుకుని, విప్పి, పుల్లకు చుట్టి, ముక్కలు చేసి పారేయాలి. మార్చి నుంచి మట్టి మూకుళ్ళలో పక్షులకు నీళ్ళు, రోజూ కడిగి పోయాలి. వైశాఖ పున్నమికి ఉపవాసం లాంటిదేదైనా పెట్టుకోవాలనుకుంటే ఆ పూట బండి తీయకుండా ఉండండి. జూన్ చివర ఆరుద్ర పురుగులు వస్తాయి, తడి మట్టి మీద ఎర్ర మఖమల్ చుక్కల్లా. వాటిని చూడటానికే ఒక పొద్దు కేటాయించండి, నాటడం మరునాడు. ఆషాఢ పున్నమి మరునాటి నుంచి మూడు నెలలు ఇంటిమట్టుకు వర్షావాసం: కొత్త పనులు ఎత్తుకోకుండా, జాగా మాత్రం ఒక్క రోజూ తప్పకుండా. ఆ మధ్యలోనే వినాయక చవితి వస్తుంది, మట్టి గణపతిని బకెట్లో కలిపి ఆ నీళ్ళు మొక్కకు పోస్తే సరిపోతుంది. బతుకమ్మ మర్నాడు చెరువు గట్టుకు చేరిన గునుగు, తంగేడు పూలను ఏరి ఎరువు గుంటలో వేయండి. ప్లాస్టిక్ తాంబాలం ఉంటే వేరుగా.

కట్ట ఊడ్చే అక్క ఒకామె మొదటి ఏడాదంతా నన్ను దూరం నుంచే చూసింది. ఒకరోజు ఆగలేక అడిగింది: "ఏంది సార్, దినాం గీడ కండ్లు మూసుకుంటవ్, మల్ల చెత్తేరుతవ్. నౌకరీ లేదా?"

"ఉంది అక్కా, తొమ్మిదింటికి."

నమ్మినట్టు లేదు. కానీ ఈ జనవరిలో నేను వెళ్ళేసరికి ఆమె చీపురు కర్రకు అడుగు పొడవునా గులాబీ దారం చుట్టి ఉంది. కర్ర నా ముందుకు చాచి, "ఇగో, నీ సామాను" అంది.